వదిన కోసం రాసిన ప్రార్థన

మా పాస్టరుగారి పేరుతో ఈమెయిల్ వచ్చింది. లింకు నొక్కి, మెయిల్ పాస్‌వర్డ్ కొట్టి, ప్రార్థన అవసరతలు రాయమని ఉంది. పాస్టరుగారిని అనుమానిస్తామా? పుంగనూరులో ఉండే మా వదినది రాతిగుండె అనీ, దాన్ని కరిగించమనీ పేజీడు రాశాను. నా మొహం మండ!

మర్నాడే, పాస్టరుగారి పేరు పెట్టుకున్న ఆ దొంగ నా మెయిల్లోంచి తెలిసినవాళ్లందరికీ, నాకు ఒంట్లో బాగాలేదనీ, డబ్బు పంపమనీ రాశాడు. అందరూ ఫోన్లు చేశారు. వదిన ఒక్కతే బస్సెక్కి మదనపల్లెలో మా ఇంటికి వచ్చేసింది.

"యాడమ్మా నొప్పి? మెయిల్ సూసి నాకు కాళ్లూచేతులూ ఆడలా. పద, ఆస్పత్రికి పోదాం" అంది గుమ్మంలోనే.

ఎవడో మోసం చేశాడని చెప్పాను. ఏం రాసి మోసపోయానో చెప్పలేదు. తంటాలుపడి అకౌంటు వెనక్కి తెచ్చుకుని పాస్‌వర్డ్ మార్చాను. ఆమెది రాతిగుండె అని నేను రాసింది మాత్రం ఆ దొంగ దగ్గరే ఉంది.