దొడ్డమ్మ కడిగిన గ్లాసులు

మా దొడ్డమ్మ పోయిందని పలాస నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. కిడ్నీలు పాడై ఏడాదయింది, మంచాన పడింది మాత్రం చివరి వారమే. ఉద్దానంలో ఆ చావు కొత్త కాదు, దానికి ఎవరూ ముఖం తిప్పుకోరు. "కిడ్నీలే గదా?" అన్నాను.

"డాట్రు అలాగే సెప్పాడప్పా. జనం మాత్రం ఆ రోగమే అంటన్నారు."

హెచ్ఐవీతో ఇరవై ఏళ్ళు బతికిన మనిషికి, ఊళ్ళో అందరికీ దొరికే చావు కూడా దక్కనివ్వలేదు.

ఆవిడ ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టేది. వేళ్ళ కొసలు ఎప్పుడూ నల్లగా ఉండేవి. టెక్కలి వెళ్ళి మందులు తెచ్చుకుని, సాయంత్రం టీవీలో వార్తలు మొదలవగానే మాత్ర వేసుకునేది. "వార్తలు నాకేటి అరదమవుతాయి పాపా, మాత్ర మర్సిపోకుండా పెడతాను" అనేది.

సంగతి బయటపడ్డ నెలలోనే మా చర్చిలో ప్రభు బల్ల దగ్గర అందరూ ద్రాక్షరసం తాగే ఒకే పాత్ర పోయి, చిన్న గాజు గ్లాసులు వచ్చాయి. శుభ్రత కోసమన్నారు. అదీ చాల్లేదు. దొడ్డమ్మ గ్లాసు వేరుగా తెలియాలని పాస్టరమ్మగారు అడిగితే, ఒకదాని అడుగున ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టింది నేనే. ఎమ్మే చదివి, ఎంగిలితో అంటుకోదని తెలిసిన నేను.

గ్లాసులన్నీ కడిగి పళ్ళెంలో సర్దే పని దొడ్డమ్మే తీసుకుంది. ఎవరూ వద్దనలేదు. పక్కన కూర్చోనివ్వని మనిషి చేతులు మా గ్లాసులు కడగడానికి పనికొచ్చాయి. తనది మూల పెట్టుకునేది. ఒకసారి దాన్ని వెలుగుకు పట్టి, "రంగు బాగున్నాది పాపా, ఏ కొట్లో కొన్నావేటి?" అంది. కొట్టు పేరు చెప్పాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత. క్షమించమనడానికి ఇన్నేళ్ళు దొరికాయి. అనలేదు.

సమాధి అయ్యాక, పెట్టెను తాకనివాళ్ళు కూడా కుళాయి దగ్గర సబ్బు కోసం తోసుకుంటున్నారు. "పిల్లలున్నోళ్ళం, మరేటి సేత్తాం" అంది మా అత్త. నేను చర్చిలోకి వెళ్ళాను, ఎవరూ చూడకుండా ఆ చుక్క గీకేద్దామని.

మూల గ్లాసు బోర్లించాను. చుక్క ఉంది. ఎందుకో పక్కదీ బోర్లించాను. దానికీ ఉంది. ఒక్కొక్కటే తిప్పుతూ పోయాను. అన్నిటికీ అదే రంగు. పెచ్చులూడిన చోట మళ్ళీ దిద్దింది. కడిగేది తనే, సర్దేది తనే, అడుగు చూసేదెవరు? ఎన్నేళ్ళుగా ఎవరి గ్లాసులో ఎవరం తాగామో.

అది నన్ను క్షమించడమో, ఎత్తిపొడుపో నాకు తెలియదు. చుక్కలు గీకలేదు. ఆదివారం అందరి కంటా పడేలా, పళ్ళెం నిండా గ్లాసులు బోర్లించే వదిలి వచ్చాను. కిటికీ ఎండలో ఎర్రగా, వరసలు వరసలుగా.