బిషాన్ ఫ్లాటులో ఎర్రదీపం

ఏడాది పొడుగునా చెమటలు కారే సింగపూరులో వేణ్ణీళ్ళ కోసం అలమటించినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. ఆ రోజుల్లో నాది కొత్త ఉద్యోగం, బిషాన్‌లో అద్దె ఫ్లాటు. అందులో ముగ్గురం తెలుగువాళ్ళం, ముగ్గురివీ మూడు షిఫ్టులు. గుమ్మం దగ్గర చెప్పులుంటే వరంగల్ అన్న ఉన్నట్టు, పోపు వాసనొస్తే నెల్లూరాయన ఉన్నట్టు. ఎదురుపడితే ‘తిన్నారా’ అనడం, జవాబు వినకుండానే తలుపులు వేసుకోవడం. రోజంతా ఆఫీసు ఏసీలో బిగుసుకుపోయి వచ్చే నన్ను వెచ్చగా పలకరించేది స్నానాలగదిలోని గీజరు ఒక్కటే. చివరికి అదీ మొహం చాటేసింది.

దాని కంట్రోలర్ బయట గోడకి ఉండేది. మీట నొక్కితే ఎర్రదీపం వెలిగేది, అరగంటకి నీళ్ళు కాగాక దానంతటదే ఆరిపోయేది. నేను మీట నొక్కి, నా గదిలో కూర్చుని, అరగంటాగి వస్తే దీపం ఆరే ఉండేది గానీ నీళ్ళు మంచుముద్దలు. ఇంటి యజమాని అంకుల్‌కి ఫోన్ చేస్తే, “యూ ఇంజనీర్ వాట్, చెక్ లా” అని, ఇంజనీరువేగా నువ్వే చూసుకోమని సింగపూరు ఇంగ్లీషులో తేల్చేశాడు. (నేను రాసేది బ్యాంకు సాఫ్ట్‌వేరు.) పౌరుషం కొద్దీ వీడియోలు చూసి, మెయిన్ ఆపి, కొత్త కంట్రోలర్ బిగించాను. అదీ అంతే. థర్మోస్టాట్ మార్చాను. అయినా అంతే. అమ్మకి చెబితే, “ఎవరి దిష్టో తగిలిందిరా” అంది. థర్మోస్టాట్‌కి దిష్టి ఎలా తీయాలో మా ఇద్దరికీ తెలియలేదు.

ఒక ఆదివారం సాయంత్రం మీట నొక్కి, కుర్చీ తెచ్చుకుని కంట్రోలర్ ఎదురుగానే కూర్చున్నాను. కాసేపటికి వరంగల్ అన్న ఫోన్ చూసుకుంటూ వచ్చి, అలవాటుగా మీట నొక్కి దీపం ఆర్పేశాడు.

“అన్నా, అది నేను పెట్టుకున్నా.”

“అట్లనా? ఎవరో మరిచిపోయిండ్రనుకున్న. మరి నేను పెట్టుకున్నది రోజూ ఎవరు బంద్ చేస్తున్నరు?”

నెల్లూరాయన గరిటతో సహా వంటింట్లోంచి వచ్చాడు. “నేనేబ్బా. గీజరు ఆపకుండా పోతే మా నాయన వీధి చివర్నుంచి వెనక్కి పిలిపించి ఆపిచ్చేవాడు. దీపం కనబడితే చెయ్యి ఊరుకోదు.”

“మా అమ్మయితే వీపు పలగ్గొట్టేది” అన్నాడు అన్న.

మా ఇంట్లోనూ అదే చదువు. వాళ్ళ దీపాలు నేనూ ఆర్పుతూనే ఉన్నాను. ముగ్గురు బుద్ధిమంతులం కలిసి ముగ్గురం చన్నీళ్ళు పోసుకుంటున్నామన్నమాట.

ఆ సాయంత్రం మళ్ళీ మీట నొక్కి, దానికి కాపలాగా అక్కడే నేలమీద కూర్చుని నెల్లూరాయన చేపల పులుసు తిన్నాం. నీళ్ళు కాగాయి. దీపం ఆరింది. స్నానానికి మాత్రం ఎవరూ లేవలేదు.

మర్నాటి నుంచి మళ్ళీ మూడు షిఫ్టులు, మూడు తలుపులు. గీజరు బాగైపోయాక కలుసుకోవడానికి మాకు వేరే పని దొరకలేదు, అందుకు నాకు దిగులుగానే ఉండేది. అయితే నేను వచ్చే వేళకి, బయటికి వెళుతూ ఎవరో ఒకరు నాకోసం మీట నొక్కి వెళ్ళేవారు. తలుపు తీయగానే ఎర్రదీపం కనిపించేది.

ఇప్పుడు నా సొంత ఫ్లాటులో మీట వేయగానే వేణ్ణీళ్ళు వస్తాయి, మీట ఆపేదాకా దాని ఎర్రదీపం వెలుగుతూనే ఉంటుంది. ఉండేది నేనొక్కణ్ణే. పొద్దున వెళ్ళేటప్పుడు అప్పుడప్పుడూ కావాలనే మీట ఆపకుండా వెళతాను. సాయంత్రం తలుపు తీసి ఆ దీపం చూడగానే, ఎవరో నాకోసం పెట్టి వెళ్ళారని ఒక్క క్షణం అనిపిస్తుంది. అమ్మకి మాత్రం ఈ సంగతి చెప్పలేదు.