కళ్ళు తెరవని ఎద్దు

అడిగిన బొమ్మ ఒక్కటీ వేయని వరదప్ప దగ్గరికే హోసూరు పక్క జూజువాడి చెక్‌పోస్టు లారీలన్నీ ఎందుకు పోయేవి? ఈ ప్రశ్నకు ఈనాటికీ జవాబు దొరకలేదు. నెమలిని వేయమంటే నత్తను వేసేవాడు. అదేమంటే, "నీకుండే భయానికి నత్తే సరిపోతాదప్పా" అనేవాడు. పైగా బండి ఆసామి తన భయమేమిటో నోరు విప్పి చెప్పేదాకా బొమ్మకు కళ్ళు పెట్టడు. కళ్ళు లేని బొమ్మతో బండిని రోడ్డెక్కించే మొనగాడు చెక్‌పోస్టుకు ఇటూ లేడు, అటూ లేడు.

తళి నుంచి బెంగళూరుకు కూరగాయలు తోలే అంజనప్ప, లారీ వెనక తలుపు మీద పులిని వేయమన్నాడు. మర్నాడు వచ్చి చూస్తే ఎద్దు. వీపు మీద కొండ. మెడ నరాలు తాళ్ళలా తేలి, కాళ్ళు మట్టిలో కూరుకుని, ఏటవాలున జారిపోతోంది. కళ్ళ చోట రెండు తెల్లటి గుంటలు.

"నేనడిగింది పులి కదన్నా."

"నీ లోపల పులి లేదే. యాడనుంచి తెచ్చేది?"

"ఎద్దు మీద కొండెందుకు?"

"అది నువ్వు చెప్పల్ల."

అంజనప్పకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నాకేం భయం లేదు. కళ్ళు పెట్టు. సోమవారం లోడుకు పోకుంటే మండీవాళ్ళు వేరే బండి చూసుకుంటారు."

"రంగు ఆరలేదప్పా. రేపు రా."

రేపూ అదే మాట, ఎల్లుండీ అదే మాట. ఆ ఎండకు వడియాలు ఎండేవి గానీ వరదప్ప రంగు ఆరేది కాదు.

ఆదివారం అంజనప్ప స్టూలు మీద కూలబడ్డాడు. "లారీకి సింగారమా, పెండ్లా అని మా ఇంటామె మునిలక్ష్మమ్మ ఎగతాళి చేస్తాంది. నన్ను వదిలిపెట్టన్నా."

అంతలో హైవే మీద ఏదో బండి కీచుమంది. అంజనప్ప కుడికాలు నేలను గట్టిగా తొక్కింది.

"మొదటి దినం నుంచి చూస్తాండా," అన్నాడు వరదప్ప. "ఆడ బ్రేకు యాడుండాది?"

అంజనప్ప కాలిని వెనక్కి లాక్కున్నాడు. "పోయిన వానల్లో తళి దిగుడులో బ్రేకు పట్టలేదన్నా. రాళ్ళకుప్పను గుద్ది నిలిచింది. బాగు చేయించినాను, అయినా కాలికి నమ్మకం రాలేదు. ఇంట్లో చెప్పలేదు."

వరదప్ప కుంచె ముంచి రెండు చుక్కలు పెట్టాడు. ఎద్దు కళ్ళు తెరిచింది. బెదురు చూపే, అయినా దారి మీదనే ఉంది.

లారీ కింద నుంచి మెకానిక్ అంకప్ప నూనె మరకలతో పాక్కుంటూ వచ్చాడు. "ఒకసారి తొక్కి చూడన్నా. దినామూ నువ్వు పోయినాక వరదన్న నీ బ్రేకులన్నీ నాతో విప్పించి సరి చేయించినాడు. ఈ పని అయ్యేదాకా రంగు ఆరదని చెప్పినాడు."

అంజనప్ప పది గజాలు నడిపి తొక్కాడు. బండి కట్టేసినట్టు నిలిచింది. మళ్ళీ నడిపాడు, మళ్ళీ తొక్కాడు. దిగి చూస్తే వరదప్ప లేడు. హోసూరు పోతున్న షేర్ ఆటోలోంచి కుంచెల డబ్బా మాత్రం బయటికి కనిపిస్తోంది.

"పోయొస్తానని ఒక్క మాటైనా అనలేదు చూడు, ఏం మనిషప్పా" అని విసుక్కుంటూ అంజనప్ప ఎద్దు వీపు తడిమాడు. రంగు ఎప్పుడో ఆరిపోయి ఉంది.