చేపకు కార్తీకం పట్టించిన వైనం

నాకు జరిగిన అన్యాయాలు, కాలక్రమంలో:

మే 2004. మా ఉప్పునీటి తొట్టిని చల్లబరచడానికి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి పెట్టుకున్న మంచును మా ఆవిడ పగలగొట్టి, పామర్రు నుంచి వచ్చిన తన చుట్టాల మజ్జిగలో వేసింది. బెజవాడ ఎండకు చేప అల్లాడిపోయింది. చుట్టాలు మరో గ్లాసు అడిగారు.

ఆగస్టు 2004. గన్నవరంలో ఉండే మా బావమరిది తొట్టిలోకి పకోడీ తునక విసిరాడు. పైగా, “బావగారు దీన్ని పస్తులు పెడతన్నట్టున్నారక్కా” అన్నాడు. నీటి మీద తేలిన నూనెను కాగితంతో అద్ది తీయడానికి నాకు ఒక పూట పట్టింది.

మార్చి 2005. సీరియల్లో మాటలు వినబడడం లేదన్న కారణంతో తొట్టి పంపు ఆపేశారు. సీరియల్ అయిపోయాక మళ్లీ వెయ్యడం మరిచారు.

నవంబరు 2005. నా ఏంజెల్ చేప చేత, నా అనుమతి లేకుండా, కార్తీకమాసం పట్టించారు.

మొదటి మూడింటినీ క్షమించాను. ఇది నాలుగోదాన్ని గురించిన కథనం.

నేను ఇబ్రహీంపట్నంలో, విద్యుత్ కేంద్రం బాయిలర్లలోకి వెళ్లే నీటిని పరీక్షించే గదిలో పనిచేసి రిటైరైనవాణ్ణి. నీటి గుణాన్ని రోజూ పరీక్షించి రాసుకోకపోతే అన్నం సహించని అలవాటు అక్కడిదే. రిటైరయ్యాక పరీక్షించడానికి నీళ్లు లేక కొంతకాలం ఇబ్బంది పడ్డాను. మా ఆవిడ కాచిన రసాన్ని పరీక్షించబోతే ఇంట్లో గొడవైంది. అప్పుడు పెట్టినదే ఈ తొట్టి. మద్రాసు నుంచి వచ్చే ఉప్పుపొడితో తయారుచేసిన సముద్రపు నీరు, రాళ్లు, ఆ రాళ్లను అంటిపెట్టుకుని బతికే మెత్తరకం పగడం అందులో ఉండేవి. పగడమంటే ఉంగరంలో పొదిగే పూస కాదని వచ్చిన ప్రతి అతిథికీ వివరించవలసి వచ్చేది. అది ప్రాణి. చొక్కా గుండీలంతేసి నోళ్లు గుంపుగా, ఆకుపచ్చగా విప్పుకుని ఉంటాయి. ఏదైనా తగిలితే ముడుచుకుపోతాయి.

ఏంజెల్ చేప అంటే మంచినీటి తొట్లలో త్రికోణంగా తిరిగేది కాదు. ఇది సముద్రానిది. ముదురు నీలం ఒళ్లు, పక్కల నారింజ రంగు. అరచేతిలో ఇమిడిపోతుంది కానీ దర్జా మాత్రం మండలాధికారిది. ఉదయం డబ్బా మేత ఒక చెంచా, సాయంత్రం సన్నగా తరిగిన రొయ్య. రెండూ కొలతతోనే. ఇంతటి క్రమశిక్షణలో పెరుగుతున్న చేప, 2005 సెప్టెంబరు నుంచి నా పగడాన్ని కొరకడం మొదలుపెట్టింది. వచ్చి ఒక నోటిని గిల్లుతుంది. చుట్టూ ఉన్నవన్నీ ముడుచుకుంటాయి. అవి విప్పుకునే దాకా ఆగి, మళ్లీ వచ్చి గిల్లుతుంది. దసరా నాటికి పగడంలో ఒక మూల తెల్లబడి కుళ్లసాగింది.

చేపను అమ్మిన దుకాణం భాయిని అడిగాను.

“కొన్నిటికి ఆ రుచి మరిగిపోద్ది సార్. మనమేం చెయ్యలేం. నాకిచ్చెయ్యండి, బదులు వేరేది ఇస్తా” అన్నాడు.

పగడమో, చేపో, ఒకటే మిగలాలి. చేపను పంపించెయ్యాలని నిర్ణయించి ఇంట్లో ప్రకటించాను.

“కార్తీకం వెళ్లేదాకా ఆగండి. కార్తీకంలో గడపలోని ప్రాణిని బయటికి పంపకూడదు,” అంది మా ఆవిడ.

“ఏ గ్రంథంలో ఉంది?”

“మా పామర్రులో ఉంది.”

కార్తీకం వచ్చింది. మా ఇంట్లో ఆ నెలంతా నీచు ముట్టరు. అది నాకు తెలిసిన నియమమే, అభ్యంతరం లేదు. అయితే మొదటి రోజు సాయంత్రం ఫ్రిజ్ తీస్తే చేప రొయ్యల డబ్బా లేదు. పక్కింటి వారికి ఇచ్చేశారట.

“చేపకు కార్తీకమేమిటే?”

“ఈ ఇంట్లో ఉంటందా లేదా? సముద్రంలో ఉన్నన్నాళ్లూ దాని ఇష్టం. మన గుమ్మం లోపలికొచ్చాక మన పద్ధతే.”

“అసలు అదే నీచు కదా!”

“వండితే నీచండీ. ఈదతా ఉంటే కాదు.”

పోనీ, డబ్బా మేత ఉందిగా అన్నాను. ఆవిడ ఆ డబ్బాను నా చేతికిచ్చి, మీద ఏం రాసుందో చదవమంది. చదవమంటే ఉన్నది ఉన్నట్టు చదవడం నా స్వభావం. చేపపొడి, రొయ్యపొడి అని పైకి చదివాను. ఆ డబ్బా కూడా అటకెక్కింది.

మర్నాడు ఉదయం ఆవిడ పాలకూర ఆకును వేడినీళ్లలో ముంచి తీసి, చల్లార్చి, ఒక రాతికి దారంతో చుట్టి తొట్టిలోకి దించింది. చేప దాని చుట్టూ తిరిగి, నా వైపు చూసింది. ఆ చూపులో ఫిర్యాదు ఉందని నేనన్నాను. ఉప్పు సరిపోయిందా అని అడుగుతోందని ఆవిడంది. రెండు రోజులు చేప పస్తు ఉంది. మూడో రోజు ఆకు అంచు కొరికింది. ఆ తర్వాత పొద్దస్తమానం ఆ ఆకు దగ్గరే మేకపిల్లలా మేస్తూ ఉండిపోయింది. ఆకు వల్ల నీరు చెడి తీరుతుందనీ, చెడిన వెంటనే ఆవిడకు చూపించవచ్చనీ రెండు పూటలా పరీక్షలు చేశాను. నీరు చెడలేదు. నేను ఎదురుచూసిన ఒక్క దోషమూ దొరకలేదు.

నెల సగమయ్యేసరికి పగడం విప్పుకుంది. కుళ్లిన మూల పక్కనే కొత్త గుండీలు మొలిచాయి. చేప దాని పక్కనుంచే వెళ్లేది. వంగి కూడా చూసేది కాదు. నీటి పరీక్షలు రాసుకునే పుస్తకంలో, కారణమేమిటన్న చోట “పరిశీలనలో ఉంది” అని రాసుకున్నాను.

పోలి పాడ్యమి తెల్లవారుజామున కృష్ణలో దీపాలు వదిలి వచ్చి, తడిచీరతోనే మా ఆవిడ అటక మీది డబ్బా దించి నా ముందు పెట్టింది.

“నా నెల అయిపోయింది. ఇక మీ చేప, మీ చెంచా.”

ఆవిడ ఆకు కట్టడం మానేసింది. నేను పాత పద్ధతి ప్రకారం డబ్బా మేత, రొయ్య మొదలుపెట్టాను. వారం తిరగకుండానే చేప మళ్లీ పగడం మీద పడింది. ముందే అనుకున్న ప్రకారం దుకాణం భాయికి ఫోను చేశాను. ఆదివారం ఆయన ప్లాస్టిక్ సంచీ, చిన్న వల తీసుకుని వచ్చాడు.

“టీ తాగి వెళ్దురుగాని భాయి గారూ. చేప మాత్రం రాదు,” అంది ఆవిడ.

“సార్ ఫోన్ చేశారమ్మా.”

“సారు ఫోన్ చేస్తారు, రాస్తారు, కొలుస్తారు. దాని ఆకలి ఏనాడన్నా అడిగారా?” అని, నా వైపు తిరిగి, “ఏమండీ, పంపించమంటారా? గట్టిగా చెప్పండి, భాయి గారు వింటారు” అంది.

పగడం ముడుచుకుని ఉంది. చేప అద్దానికి మూతి ఆనించి వంటింటి వైపు చూస్తోంది. భాయి వల విప్పుతున్నాడు. నేను గొంతు సవరించుకుని, పంపనక్కరలేదన్నాను.

ఆయన టీ తాగుతుండగానే తొట్టిలోకి ఆకు దిగింది.

అప్పటి నుంచి, అంటే మూడేళ్లుగా, చేపా పగడమూ ఒకే తొట్టిలో కలిసి బతుకుతున్నాయి. రొయ్య అప్పుడప్పుడు, ఆకు నిత్యం. చిక్కల్లా ఒక్కటే. ఆకు ఆవిడ కట్టాలి. నేను అదే పాలకూరను అదే రాతికి కడితే సాయంత్రానికి అలాగే ఉంటుంది. ఆవిడ చెల్లెలింటికి పామర్రు వెళ్లిన ప్రతిసారీ పగడానికి గండమే. ఎలా చేస్తావని నోటిమాటగా ఎన్నిసార్లు అడిగినా నవ్వి, “చేతికొచ్చినంతండీ” అంటుంది. వచ్చే నెల మళ్లీ ప్రయాణం పెట్టుకుంది. ఈసారి పదిహేను రోజులట.

కావున, మా ఆవిడ గారు దీనినే నోటీసుగా భావించి, ప్రయాణానికి ముందే ఈ కింది అంశాలపై రాతపూర్వకంగా సమాధానం ఇవ్వవలసిందిగా కోరడమైనది: ఆకు లేతదా, ముదురుదా, వేడినీళ్లలో ఎంతసేపు ఉంచాలి, దారం బిగించి కట్టాలా, వదులుగానా, తొట్టిలోకి దించేటప్పుడు చేపతో మెల్లగా ఏదో అంటూ ఉండడం నేను గమనించాను, అది ఏమిటి. “చేతికొచ్చినంత” అనే జవాబు స్వీకరింపబడదు. సమాధానం అందని పక్షంలో ప్రయాణం వాయిదా వేసుకోవలసిందిగా, అదీ వీలుకాకపోతే నన్ను కూడా నేర్పదగినవాడిగా పరిగణించవలసిందిగా మనవి.