కొండమీది ఊరి కథలో ఒక్క అబద్ధం

నిన్న మా దీవుల్లోని అబర్డీన్ బజార్‌లో మన తెలుగాయన మిఠాయి కొట్టు దాటుతుంటే బెల్లం పాకం వాసన తగిలింది. ఇంకాస్త ఉంచితే మాడుతుందనగా వచ్చే వాసన అది. చేపల సంచీతో దారికడ్డంగా నిలబడిపోయాను, వెనకనుంచి ఎవరో “దీదీ, హటో!” అని కసిరితే గాని కదల్లేదు. నేను చెప్పేవాటిలో సగమే నమ్మాలని మా ఇంట్లో అందరికీ తెలుసు గాని, ఈ వాసనను మాత్రం నమ్మండి.

చిన్నప్పుడు ఫెరార్గంజ్ దగ్గర మా రేకుల ఇంట్లో, వానలు వెనకబట్టి పోకచెట్ల కింద నేల ఆరీ ఆరకుండా ఉండే క్రిస్మస్ రోజుల్లో, మా మామ్మ అరిసెలు వండేది. దంచిన తడిబియ్యం పిండి మా కనురెప్పల మీద తెల్లగా వాలుతుండగా, పొయ్యి ముందు కూర్చుని ఆవిడ తన పుట్టిన ఊరి కథ ఎత్తుకునేది. సర్కారు ఇక్కడ భూములిచ్చి జనాన్ని దింపిన సెటిల్మెంటు రోజుల్లో తాతతో ఓడెక్కి దీవులకు రాకముందు పెరిగిన ఊరది. గజపతుల కాలం నాటిదట. కొండ నెత్తిన ఇళ్లు, చుట్టూ రాతిగోడ, పడమటివైపు ఒక్కటే మెట్లదారి, బండలో తొలిచిన వాననీటి గుంట.

రాసిపెట్టిన చరిత్ర లేని ఆ ఊరికి ఒక ఆచారం ఉండేది. ఏటా ఇంటి పెద్ద ఊరి కథ చెబుతూ అందులో కావాలని ఒక్క అబద్ధం కలపాలి. పట్టుకున్న పిల్లకు మొదటి అరిసె. ఎవరూ పట్టకపోతే చెప్పినవాళ్లే తినాలి. పోయినేటి కథ గుర్తుంటేనే గాని అబద్ధం దొరకదు. అలా అరిసె మీద ఆశతో అక్కడి పిల్లలు తరతరాలుగా ఊరిని కంఠతా పట్టేవారు.

నేను మొదటిసారి కథ విన్న ఏడు, శత్రువులు మెట్లెక్కుతుంటే ఊరివాళ్లు గుమ్మడికాయలకు సున్నం పూసి దొర్లించారని, అవి బండరాళ్లనుకుని సైన్యం పారిపోయిందని మామ్మ చెప్పింది.

“ఝూట్! మామ్మా, ఝూట్!” అని, అబద్ధం పట్టేశాననుకుని గెంతాను.

“ఓసి నీ తెలివి తగలెయ్య! అది నిజివేనే,” అంది మామ్మ.

“మెట్లు తూరుపు యేపని సెప్పావు. పోనేడు పడమరన్నావు,” అన్నాడు అన్నయ్య తాపీగా.

అరిసె వాడికి పోయింది. పెద్ద వింతల్లో కాదు, ఎవరూ పట్టించుకోని చిన్న మాటలోనే అబద్ధం దాక్కుంటుందని ఆ రోజు తెలిసింది. నా బతుక్కి బాగా పనికొచ్చిన చదువు అదొక్కటే.

ఏటా కథ ఒకే మాటతో ముగిసేది: “ఆ కొండ గాలి ఇప్పటికీ నా సెవిలో గీపెడతాది.” చివరి ఏడు మాత్రం మామ్మ, “ఆ గాలి ఇప్పుడు నాకు ఇనపడదే. మరిసిపోనాను,” అంది. మేం మెట్లు, గోడ, గుంట, గుమ్మడికాయలు అన్నీ తడుముకున్నాం. అబద్ధం దొరకలేదు. మామ్మ మొదటి అరిసె తుంచి నోట్లో వేసుకుని, మొహం అటు తిప్పుకుని నమిలింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు మంచం పట్టింది. చర్చివాళ్లు వచ్చి తెలుగు కీర్తనలు పాడి వెళ్లిన సాయంత్రం, “పడమటి కిటికీ తెరండ్రా, కొండ గాలొస్తంది,” అంది. అన్నయ్య నావైపు చూశాడు. వంగి ఆవిడ చెవిలో, “మరిసిపోనానన్నది ఝూట్, మామ్మా. పట్టీసేను,” అన్నాడు.

అప్పటికి ఇంట్లో అరిసెలు అయిపోయాయి.

ఇప్పుడా రేకుల ఇల్లూ లేదు, రోలూ లేదు, అన్నయ్యా లేడు. కొండమీద ఊరు కూడా ఖాళీ అయిపోయిందని ఓడలో వచ్చిన చుట్టమెవరో చెప్పాడు. నిన్న అరిసెలు కొనుక్కుని విమానాశ్రయం పక్కన లంబాలైన్‌లో అన్నయ్య పిల్లల దగ్గరకు వెళ్లాను. పోయిన క్రిస్మస్‌కు చెప్పిన కథే మళ్లీ చెప్పాను. మెట్లు తూర్పువైపు అని చెప్పి ఆగాను. విమానం హోరుకు వినపడలేదేమోనని అది దిగిపోయాక మళ్లీ చెప్పాను.

“కహానీ చాలా బాగుంది అత్తా,” అంది చిన్నది ఫోను మీంచి తలెత్తకుండా. “అంతా నిజమే కదా?”

“నిజమేనే,” అన్నాను.

ఆచారం ప్రకారం మొదటి అరిసె నేనే తిన్నాను. ఆ కొండకు మెట్లు ఇప్పుడు తూర్పువైపున ఉన్నాయి.