మామ భుజం మీది బంతిపూల రేకు

మొన్న చిక్కబళ్ళాపురలో డాక్టరమ్మ మా మనవరాలికి జన్యుపరీక్ష రాసినప్పటి నుంచీ, మరిచిపోయాననుకున్న బంతిపూల రేకు ఒకటి మళ్ళీ కళ్ళ ముందుకు వస్తోంది. పిల్లకు తలసీమియా, నెలనెలా రక్తం ఎక్కించందే నిలవదు. అంతమంది రక్తం కలిసిన ఒంట్లో తనదేదో పరాయిదేదో మామూలు పరీక్షకు సరిగా తేలదట. అందుకని ఏ, బి, ఓ లే కాక వాటి వెనక దాగిన చిన్న గ్రూపులను కూడా జన్యువుల్లోనే వెతుకుతారట.

మా తమ్ముడిదీ ఇదే జబ్బు. మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పరాయివాళ్ళ రక్తం బిడ్డ ఒంట్లోకి పోకూడదని అప్పట్లో ఎంత పట్టుదలో. చింతామణి నుంచి మేము కబురు పెట్టగానే బట్లహళ్ళి నుంచి అమ్మ తమ్ముడు, మా మామ, బస్సెక్కి వచ్చేవాడు. రక్తమిచ్చి ఆసుపత్రి వరండాలో కూర్చుని, మోచేతి మడతలో దూది అదిమిపెట్టుకుని, వీడు నా రక్తంతో పెద్దవాడై నన్నే కొడతాడు చూడమని నన్ను నవ్వించేవాడు.

ఆ రోజు కబురు అందేసరికి మామ ఊళ్ళో ఎవరిదో పాడె మోసి వస్తున్నాడు. ఆలస్యమైతే బిడ్డ దక్కడేమోనని తలకు నీళ్ళయినా పోసుకోకుండా దొరికిన లారీ ఎక్కి వచ్చేశాడు. గ్రూపు సరిపోయిందన్నారు, ఎక్కించారు. కాసేపటికే తమ్ముడికి వణుకు, నడుము నొప్పి, మూత్రం నల్లగా వచ్చింది. అమ్మ వరండాలోకి పరుగెత్తుకొచ్చి, మామ చొక్కా భుజాన అంటుకున్న బంతిపూల రేకును చూసింది. అప్పుడేమీ అనలేదు. ఆ వారంలోనే తమ్ముడు పోయాక అన్నది.

"మైల రక్తం ఎక్కిచ్చితివి గదరా నా బిడ్డకు."

బతికినన్నాళ్ళూ అమ్మ ఆయనను గడప తొక్కనివ్వలేదు. మామ కూడా మళ్ళీ ఎవరి పాడెకూ భుజం పెట్టలేదు. అమ్మ పోయిన రోజున సైతం వీధి చివర నిలబడి చూసి, అలాగే వెళ్ళిపోయాడు. ఆ నిలబడిన మనిషి నన్ను వదలడు.

ఇదంతా డాక్టరమ్మకు చెప్పాను. ఇన్నేళ్ళకు ఖాయంగా చెప్పలేనంటూనే, పదేపదే రక్తం ఎక్కించుకున్న ఒళ్ళు తనకు లేని చిన్న గ్రూపు మీద లోలోపల పగ పెంచుకుంటుందనీ, మళ్ళీ అదే ఎక్కితే తిరగబడుతుందనీ, బహుశా జరిగింది అదేననీ చెప్పింది. మైలకూ దానికీ ఏ సంబంధమూ లేదంది. ఆ సాయంత్రమే బట్లహళ్ళికి పోయి, మంచం మీద కూర్చున్న మామకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మోచేతి మడతను బొటనవేలితో రుద్దుకున్నాడు.

"ఈ మాట వినేదానికి అక్క యాడ ఉండాదమ్మా?" అన్నాడు.

నాకు దుఃఖం ఆగలేదు. ఇంటికి రా మామా, పిల్లను చూద్దువుగాని అన్నాను. సరేనని లేచి, గోడ పట్టుకుని పెరట్లోకి నడిచాడు.

"తలకు పోసుకోని వస్తా, ఉండమ్మా."

ఇప్పుడు రక్తపు సంచుల మీద ఇచ్చినవాళ్ళ పేర్లుండవు. వరండాలో కూర్చుని నవ్వించేవాళ్ళు లేరు, వేలెత్తి చూపడానికీ ఎవరూ లేరు, అదీ ఒక మేలే. పేరు తెలియనివ్వని ఆ మరుగు మామకు దొరకలేదు.