చెప్పొద్దన్న మొక్కు

ఆ పిల్లవాడి పేరు రాయకూడదని చట్టం. తల్లి పేరు రాస్తే కొడుకెవరో తెలిసిపోతుంది కాబట్టి అదీ రాయను. ధరూర్ మండలంలోని ఒక ఊళ్లో వాళ్ల ఇంటి పక్క గదిలో అద్దెకుంటాను. మాది పాన్‌గల్. వనపర్తిలో డిప్లొమా చదివి, ఇప్పుడు బోరు మోటార్ల స్టార్టర్ పెట్టెలు బాగుచేస్తున్నాను. ముందు సప్లై, తర్వాత ఫ్యూజు, తర్వాత వైరింగు: చూడవలసినవి వరసగా రాసుకున్నాకే పెట్టె విప్పుతాను.

పిల్లవాడు ఎనిమిదో తరగతి. రెండేళ్ల కిందట జ్వరం ముదిరి దవాఖానలో ఉన్నప్పుడు, బతికితే తలనీలాలు మల్దకల్ తిమ్మప్పకు ఇస్తానని తల్లి మొక్కుకుంది. ఇవ్వాల్సిన ఏడాది ఇంట్లో చావు జరిగి, మైల వల్ల మొక్కు వాయిదా పడింది. జుట్టు మాత్రం భుజాలు దాటింది. అది ఎవరి కోసం పెరుగుతోందో వాడకట్టంతటికీ తెలుసు.

వానాకాలంలో ఒక పొద్దున, మోటారు వైరు దొంగతనమని ఇద్దరు పెద్ద కుర్రాళ్లతో పాటు వాణ్నీ స్టేషన్‌కు తీసుకుపోయారు. వాళ్ల బండి మీద వీడు కూర్చుని కనిపించాడట. తల్లి నా తలుపు కొట్టింది. షేర్ ఆటోలో పోతూ ఫోన్‌లో వెతికి రాసుకున్నాను. లాకప్‌లో పెట్టకూడదు. సంకెళ్లు వేయకూడదు. పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదు. ఒక్క రోజులో బాలల న్యాయమండలి ముందు నిలబెట్టాలి. ఉచితంగా వకీలును ఇవ్వాలి. చివరిది, పిల్లవాడు చెప్పుకునేది వినాలి.

స్టేషన్‌లో అవేవీ చదివి వినిపించే అవసరం రాలేదు. వాడు కేసులు రాసే రైటర్ గదిలో బెంచీ మీద కూర్చుని బన్ను తింటున్నాడు. మామూలు బట్టల్లో ఉన్న కానిస్టేబుల్ చాయ్ పోస్తూ, "ఏందిరా, ఆడిపిల్ల లెక్క జడేసుకున్నవ్? పూలు తెప్పియ్యాల్నా?" అన్నాడు. వాడూ నవ్వి, జవాబు చెప్పబోయాడు. తల్లి గబుక్కున వంగి వాడి చెవిలో అన్న మాట పక్కనే ఉన్న నాకు వినిపించింది.

"దేవుని పేరు ఈడ తియ్యకు బిడ్డా. గిది మంచి జాగ కాదు. బయటికొచ్చేదాంక మొక్కు ముచ్చట ఎవ్వలకు చెప్పకు."

నాకు వింతగా అనిపించలేదు. మా ఊళ్లోనూ చావింట్లో మొక్కుల మాట ఎత్తరు. ఆమెకు స్టేషన్ అలాంటి చోటు.

జామీనుకు నాగర్‌కర్నూల్ నుంచి మేనమామ రావాలి. ఆయన పనికోసం దూరం పోయి ఉన్నాడు. ఆయన వచ్చేదాకా పిల్లవాణ్ని పరిశీలన గృహంలో, అంటే పిల్లల హోంలో, ఉంచమని న్యాయమండలి చెప్పింది. ఆ ఆదివారం తల్లితో కలిసి చూడటానికి వెళ్లాను. మంచాలు, మంచినీళ్లు, గోడకు ఫిర్యాదుల పెట్టె, అన్నీ ఉన్నాయి. మనసులో ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టుకుంటూ నడిచాను. ఇంతలో గుండు కంటే కాస్త ఎక్కువ జుట్టుతో ఒక పిల్లవాడు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. తల్లి పోల్చుకునేదాకా నేను వాణ్ని గుర్తుపట్టలేకపోయాను.

అది మొక్కు జుట్టని తల్లి చెప్పింది. సూపరింటెండెంట్ దాచలేదు. పేల బాధ వల్ల కొత్తగా వచ్చిన ప్రతివాడికీ మిషను పెట్టి జుట్టు తీయిస్తామన్నాడు.

"రెండు చేతులతోని జుట్టు పట్టుకున్నడమ్మా. దేనికిరా అని అడిగినం. నోరిప్పలే. మొక్కని ఒక్క మాట చెప్తే ఆపుతుంటిమి. మాకు మాత్రం దేవుడు లేడా?"

తీసిన వెంట్రుకలు ఇమ్మని ఆమె అడిగింది. ఊడ్చి చెత్తబండిలో వేశారట. ఆమె కొడుకు తల మీద అరచేయి ఆనించి అలాగే నిలబడింది.

"నువ్వే చెప్పొద్దంటివి గదనే అమ్మా," అన్నాడు వాడు. తప్పు పట్టినట్టు కాదు, చెప్పిన మాట విన్నానని చూపించుకున్నట్టు.

తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను ఫోన్ తీసి, రాసుకున్నవి చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాను. వాళ్లు అడిగారు, నిజమే. కానీ మిషను చేతిలో పట్టుకుని, తల వంచి పెట్టి అడిగితే పదమూడేళ్లవాడు తల్లి మాట దాటి ఏం చెబుతాడు? అడగవలసింది వాణ్ని కాదు, తల్లిని. ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. ఇంట్లోవాళ్లను అడగకుండా పిల్లల ఒంటి మీది దేన్నీ తీయకూడదనే మాట నేను రాసుకున్నవాటిలో లేదు. ఎక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు.

మేనమామ వచ్చాక పిల్లవాడు ఇంటికొచ్చాడు. జాతరకు మల్దకల్ వెళ్లారు. వేలెడు జుట్టు మంగలి కత్తికి నిమిషంలో అయిపోయింది. తిమ్మప్ప ఒప్పుకుంటాడని పూజారి అన్నాడు. ఆమె మాత్రం ఒప్పుకోలేదు. మళ్లీ మొదటి నుంచి పెంచుతానంటోంది.

కేసు ఇంకా నడుస్తోంది. పోయిన వాయిదాకు నేనూ తోడు వెళ్లాను. మండలిలోని మేడమ్ పిల్లవాణ్ని దగ్గరికి పిలిచి, హోంలో ఏమైనా ఇబ్బంది జరిగిందా అని నెమ్మదిగా అడిగింది. తొందరపెట్టలేదు. చేతిలో కలం కూడా పక్కన పెట్టింది.

తల్లి వాడి వీపు తట్టింది. "చెప్పు బిడ్డా. ఈడ చెప్పొచ్చు."

వాడు తల తడుముకున్నాడు. తల్లి ముఖం వైపు చూశాడు. ఏమీ లేదన్నాడు.